బాల్కనీ చివరి బెంచీకి కనపడాల్సిన నగలు: విక్టోరియన్ రంగస్థల ఆభరణాల సంగతి

కొన్నేళ్లుగా పెళ్లిళ్ల సీజన్ వస్తే నగల షాపుల్లో "విక్టోరియన్ సెట్" అనే మాట తెగ వినపడుతోంది. కాస్త నల్లబడినట్టుండే పాలిష్, దాని మీద మెరిసే తెల్లరాళ్లు, కింద వేలాడే ఆకుపచ్చ పూసలు. ఇంగ్లండ్ రాణి కాలంలో నిజంగా ఇలాంటివే పెట్టుకునేవారా అన్న అనుమానం కొనేవాళ్లకు రావడం సహజం. అదే పేరు పట్టుకుని ఆన్‌లైన్‌లో వెతికితే ఇంకో చిక్కు ఎదురవుతుంది. "విక్టోరియన్ థియేటర్ నగలు" అంటూ రేగుపండంత గాజురాళ్ల హారాలు, రేకు కిరీటాలు, జింకు పతకాలు పాత వస్తువుల వేలాల్లో కనపడతాయి. వాటి పక్కనే 1930ల హాలీవుడ్ సినిమా నగలు, నిన్నమొన్న చేసిన నకళ్లు కూడా అదే పేరుతో ఉంటాయి.

ఇవన్నీ వేర్వేరు వస్తువులు. వీటిలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది, జనానికి అన్నిటికన్నా తక్కువ తెలిసింది నాటకాల కోసం చేసిన నగ. అది ఎందుకలా ఉంటుందో తెలుసుకోవాలంటే ముందు పేర్ల చిక్కు విడదీయాలి.

ఒకే పేరు కింద నాలుగు రకాలు

విక్టోరియన్ అంటే విక్టోరియా రాణి పాలించిన 1837-1901 మధ్య కాలం. దాదాపు 64 ఏళ్లు. ఇంత పొడవైన కాలానికి ఒకే ఫ్యాషన్ ఉండదు కాబట్టి, ఈ మాట కాలాన్ని చెబుతుందే తప్ప డిజైన్‌ను చెప్పదు.

ఆ కాలపు డబ్బున్నవాళ్ల నగలు మొదటి రకం. అప్పట్లో వజ్రాలను ఎక్కువగా వెండిలో పొదిగి, వెనక బంగారు రేకు వేసేవారు. బంగారంలో పొదిగితే తెల్లరాయికి పసుపు ఛాయ వస్తుందని ఈ ఏర్పాటు. కాలం గడిచేకొద్దీ ఆ వెండి నల్లబడింది. మన షాపుల్లో "విక్టోరియన్ పాలిష్" అంటున్నది ఈ నలుపునే. అప్పటివాళ్లు పెట్టుకున్నప్పుడు తెల్లగా మెరిసిన వెండి ఇది. మనం అనుకరిస్తున్నది దానికి పట్టిన వయసును.

రెండో రకం మధ్యతరగతి కోసం చేసిన నకలు నగలు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ కుటుంబం విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. అంతకుముందు పాదరసంతో వేసే బంగారు పూత పనివాళ్ల ఆరోగ్యాన్ని తినేసేది. కొత్త పద్ధతితో ఇత్తడి మీద పలుచటి బంగారం సులువుగా, చౌకగా ఎక్కింది. 1854లో బ్రిటిష్ ప్రభుత్వం 15, 12, 9 క్యారెట్ల బంగారానికి కూడా చట్టబద్ధంగా ముద్ర ఇవ్వడం మొదలుపెట్టింది. మనం ఇప్పటికీ వాడే "గిల్టు నగలు", "రోల్డ్ గోల్డ్" అనే మాటలు ఇంగ్లిష్ వ్యాపారం నుంచి తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. మచిలీపట్నం పక్కన చిలకలపూడి ఈ పనికే పేరు తెచ్చుకుంది.

మూడో రకం రంగస్థలం నగలు. మనం మాట్లాడుకోబోయేది వీటి గురించే.

"కాస్ట్యూమ్ జ్యూయలరీ" అనే పేరుతో చలామణీ అయ్యేది నాలుగోది. ఈ పేరు 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. విక్టోరియా కాలపు మనిషికి ఆ మాటే తెలియదు. పాత నగ మీద ఈ చీటీ అంటించి అమ్ముతుంటే అది అమ్మేవాళ్లు పెట్టిన పేరని గుర్తుంచుకోవాలి.

రెండో రకానికీ మూడో రకానికీ ఉన్న తేడాయే ఈ వ్యాసానికి కీలకం. గిల్టు గొలుసు పక్కింటావిడ దగ్గరగా చూసినా అసలుదే అనుకోవాలి. నాటకం నగ దగ్గరికి వచ్చి చూస్తే ఎవరినీ నమ్మించలేదు, నమ్మించాల్సిన అవసరం కూడా లేదు. దాని పని దూరంలో ఉంది.

20 మీటర్ల అవతల ఒక క్యారెట్ వజ్రం

చిన్న లెక్క వేద్దాం. మంచి చూపున్న మనిషి కన్ను రెండు చుక్కలను విడివిడిగా గుర్తుపట్టాలంటే వాటి మధ్య కనీసం డిగ్రీలో 60వ వంతు కోణం ఉండాలి. 20 మీటర్ల దూరంలో ఆ కోణం దాదాపు 5.8 మిల్లీమీటర్లకు సమానం. గుండ్రంగా కోసిన ఒక క్యారెట్ వజ్రం వ్యాసం 6.5 మిల్లీమీటర్లు. అంటే 20 మీటర్ల అవతల కూర్చున్న ప్రేక్షకుడికి ఒక క్యారెట్ వజ్రం ఒక్క చుక్క. దాని కోత, చుట్టూ చేసిన పనితనం, పొదిగిన తీరు ఏమీ కనపడవు.

లండన్ పెద్ద థియేటర్లలో పై గ్యాలరీ చివరి బెంచీలు వేదికకు 20 మీటర్ల కంటే దూరంగానే ఉండేవి. తక్కువ డబ్బు పెట్టి టికెట్ కొన్న జనం కూర్చునేది అక్కడే. రాణి వేషం వేసిన నటి మెడలో హారం ఉందని వాళ్లకు తెలియాలంటే ఒక్కో రాయి కనీసం రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలి. అప్పుడే ఆ దూరంలో అది రాయిలా, దానికో ఆకారం ఉన్నట్టుగా కనపడుతుంది. మ్యూజియంలో దగ్గర నుంచి చూసి "ఇంత మోటుగా ఉందేంటి" అనుకునే నగ ఈ లెక్క ప్రకారమే తయారైంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆకారం కనపడకపోయినా మెరుపు కనపడుతుంది. ఆకాశంలో నక్షత్రం ఎంత చిన్న చుక్కయినా దాని వెలుగు మనకు తెలుస్తుంది కదా, అలాగే. చిన్న రాయి కూడా దీపానికి సరైన కోణంలో ఉంటే తళుక్కుమంటుంది. అందుకే నాటకం నగల్లో రెండు పనులు జరిగేవి: పెద్ద రాళ్లతో ఆకారం, వాటి చుట్టూ చమ్కీలు, తళుకు రేకులతో మినుకు. మన వీధి భాగవతాల భుజకీర్తులు, కిరీటాల మీద అతికించే అద్దం ముక్కలు చేసేది కూడా ఈ రెండో పనే.

గాజు వెనక రేకు ఎందుకు

నాటకం రాళ్లలో ఎక్కువ భాగం సీసం కలిపిన గాజు. ఇంగ్లిష్‌లో దీన్ని "పేస్ట్" అంటారు. ఈ పనిని పెద్ద స్థాయికి తెచ్చినవాడిగా ప్యారిస్‌లో నగల వ్యాపారం చేసిన జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ పేరు చెబుతారు. 1734లో ఆయన ఫ్రెంచి రాజుగారి నగల పనివాడయ్యాడు. యూరప్‌లో చాలా భాషల్లో నకలు రాయికి ఇప్పటికీ ఆయన పేరే వాడుకలో ఉంది.

గాజు వజ్రంలా ఎందుకు మెరవదో హైస్కూలు ఫిజిక్సు చాలు చెప్పడానికి. వజ్రం వక్రీభవన గుణకం, అంటే వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, 2.42. సాధారణ గాజుది దాదాపు 1.5. సీసం కలిపితే 1.6కో ఇంకాస్త పైకో వెళుతుంది. వజ్రం లోపలికి వెళ్లిన వెలుతురు వెనక ముఖాన్ని 24 డిగ్రీల కంటే ఎక్కువ వాలుగా తాకితే చాలు, సంపూర్ణంగా వెనక్కి తిరిగి కంటికి వస్తుంది. సీసపు గాజులో ఆ కోణం దాదాపు 39 డిగ్రీలు ఉండాలి. అంతకంటే నిటారుగా తగిలిన వెలుతురులో ఎక్కువ భాగం వెనక నుంచి కారిపోతుంది.

ఆ కారిపోయే వెలుతురును ఆపడానికే రాయి వెనక మెరిసే రేకు పెట్టేవారు. రేకు అద్దంలా పనిచేసి వెలుతురును వెనక్కి పంపుతుంది. ఆ రేకుకు ఎర్ర రంగు పూస్తే తెల్లగాజు కెంపవుతుంది, ఆకుపచ్చ పూస్తే పచ్చ. ఒకే అచ్చులో పోసిన గాజుతో రాజు కిరీటం కెంపులూ, రాణి హారం పచ్చలూ తయారయ్యేవి. ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. రేకుకు తేమ తగిలితే నల్లబడుతుంది. పాత రంగస్థల నగల్లో కొన్ని రాళ్లు జీవం పోయినట్టు బూడిద రంగులో ఉంటే అది రాయి తప్పు కాదు, వెనక రేకు పోయిందన్నమాట. నటుల చెమట, మేకప్ జిడ్డు, ఊరూరా తిరిగే పెట్టెల్లో తడి, అన్నీ ఆ రేకును తిన్నాయి.

గ్యాసు దీపం, సున్నం దీపం, కరెంటు దీపం

దూరం తర్వాత రెండో సంగతి వెలుతురు. విక్టోరియా కాలంలో వేదిక మీద వెలుతురు మూడు రకాలుగా మారింది. మారిన ప్రతిసారీ నగ కూడా మారాల్సి వచ్చింది.

లండన్ థియేటర్లలోకి గ్యాసు దీపాలు 1817లో వచ్చాయి. విక్టోరియా సింహాసనం ఎక్కేసరికి అవే మామూలైపోయాయి. గ్యాసు మంట పసుపుగా, మెత్తగా ఉంటుంది, కొంచెం కదులుతుంది. కదిలే మంట ముందు గాజురాయి దానంతటదే మినుకుతుంది. ఆ వెలుగులో లేత పసుపు తెల్లగా, ముదురు నీలం నల్లగా కనపడతాయి. కాబట్టి పగలు చూస్తే అందంగా ఉన్న నీలం రాయి రాత్రి నాటకంలో మసిబొగ్గులా ఉండేది. రంగు ఎంపిక దుకాణంలో కాకుండా దీపం ముందు జరగాల్సి వచ్చేది.

రెండోది లైమ్‌లైట్. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపి మండించిన మంటను సున్నం దిమ్మ మీద కొడితే అది తెల్లగా వెలిగిపోతుంది. 1837లో కోవెంట్ గార్డెన్ థియేటర్‌లో దీన్ని వాడారు. ఒక్కో దీపం దగ్గర ఒక మనిషి నిలబడి దాన్ని తిప్పుతూ నటుడి మీదే పడేలా చూసేవాడు. ఫలానా నటుడు లైమ్‌లైట్‌లోకి వచ్చాడు అని మన పేపర్లు రాసేది ఈ సున్నపు దీపం గురించే. చుట్టూ మసక, మధ్యలో ఒక్కరి మీద పదునైన తెల్లటి వెలుగు పడితే ఆ మనిషి ఒంటి మీద గాజురాళ్లన్నీ ఒక్కసారి నిప్పంటుకున్నట్టు లేచేవి. లైసియం థియేటర్‌ను నడిపిన హెన్రీ ఇర్వింగ్ నాటకం జరుగుతున్నంతసేపూ ప్రేక్షకుల వైపు దీపాలు తగ్గించేవాడు. దాంతో ఈ తేడా ఇంకా పెరిగింది.

మూడోది కరెంటు. 1881లో లండన్ సవాయ్ థియేటర్ జోసెఫ్ స్వాన్ బల్బులతో, దాదాపు 1,200 దీపాలతో వెలిగింది. పూర్తిగా కరెంటుతో వెలిగిన మొదటి ప్రజా భవనంగా దానికి పేరు. కదలని, సమానంగా పరుచుకునే ఈ వెలుగులో గాజు గాజులా, రేకు రేకులా కనపడడం మొదలైంది. ప్రసిద్ధ నటి ఎలెన్ టెర్రీ ఈ మార్పును మనస్ఫూర్తిగా వ్యతిరేకించింది. లైసియంలో కరెంటు పెట్టాక ముఖాల మీద దాని ప్రభావం చూసి, గ్యాసే మళ్లీ తెప్పించమని ఇర్వింగ్‌ను బతిమాలింది. ఆయన తెప్పించాడు కూడా.

ఆమె మాటకు ఎదురు వాదం కూడా బలమైనదే. గ్యాసు వేడికి థియేటర్లు ఉడికిపోయేవి, గాలి చెడిపోయేది, పలుచటి బట్టలకు నిప్పంటుకుని నర్తకులు చనిపోయిన సంఘటనలున్నాయి. కరెంటు నగకు కొత్త దారి కూడా చూపించింది. 1882 నవంబరులో సవాయ్‌లో ఒక హాస్య ఓపెరాలో దేవకన్యల వేషం వేసినవాళ్లు జుట్టులో చిన్న బల్బులు పెట్టుకుని, వాటి బ్యాటరీలను ఒంటి మీదే దాచుకుని వేదికెక్కారు. ఇంగ్లిష్‌లో సీరియల్ బల్బులను "ఫెయిరీ లైట్స్" అనడం దీని నుంచే వచ్చిందంటారు. ప్యారిస్‌లో గుస్తావ్ ట్రూవే అనే విద్యుత్ నిపుణుడు బ్యాటరీతో కదిలే, వెలిగే నగలు చేశాడు. వెలుతురును తిప్పి పంపడం వరకే తెలిసిన నగ ఇప్పుడు తానే వెలగడం నేర్చుకుంది.

నటుడి పెట్టెలో ఏముండేది

ఈ నగలు ఎవరివి అనే ప్రశ్నకు సమాధానం థియేటర్‌ను బట్టి మారుతుంది. పెద్ద థియేటర్లకు సొంత కాస్ట్యూమ్ గదులుండేవి. ఊళ్లు తిరిగే కంపెనీల్లో మాత్రం చిన్న నటులు మేజోళ్లు, బూట్లు, కత్తి, ఈకలు, విగ్గు, నగలు సొంతంగా తెచ్చుకోవాల్సిందే. అందుకే ఒకే హారం ఈ వారం డెన్మార్క్ రాణిది, వచ్చే వారం వెనిస్ వ్యాపారి కూతురిది. ముసలి నటులు రిటైరయ్యేటప్పుడు తమ పెట్టెను కొత్తవాళ్లకు అమ్మడం, ఇవ్వడం మామూలు.

రంగస్థలం కోసం జింకుతో చేసే నకలు నగను ఇంగ్లిష్ నాటకాలవాళ్లు "లోగీ" అనేవారు. దాన్ని కనిపెట్టిన డేవిడ్ లోగీ అనే ఆయన పేరే దానికి స్థిరపడింది. బంగారం బదులు "డచ్ మెటల్" అనే రాగి, జింకు కలిసిన పలుచటి రేకు వాడేవారు. మన పెద్దవాళ్లు ఇలాంటి మెరుపునే కాకి బంగారం అన్నారు. పెద్ద కిరీటాలకు లోపల అట్ట, బంక పట్టించిన గుడ్డ, కాగితపు గుజ్జు ఉండేవి. బరువు తగ్గించడానికే ఇదంతా. మూడు గంటలు తల మీద మోస్తూ కత్తియుద్ధం చేయాల్సిన మనిషికి లోహపు కిరీటం శిక్షే. చప్పుడు సమస్య కూడా ఉంది. నెమ్మదిగా చెప్పాల్సిన డైలాగు మధ్యలో గాజులు గలగలలాడితే చివరి బెంచీకి మాట వినపడదు. అందుకే చాలా నగలను గొలుసుకు తగిలించకుండా నేరుగా బట్ట మీదే కుట్టేసేవారు.

ఈ మెరుపు జనం ఇళ్లలోకి కూడా వెళ్లింది. అభిమాన నటుల బొమ్మలు అచ్చువేసి రంగులేసినవి రంగు లేనివాటికి రెండు రెట్ల ధరకు అమ్మేవారు. పిల్లలు, పెద్దలు ఆ బొమ్మల మీద అచ్చుగుద్దిన తళుకు రేకులు కొని అతికించుకునేవారు. డాలుకొకటి, శిరస్త్రాణానికొకటి, గుండె మీద పతకానికొకటి. లండన్ మ్యూజియంలలో ఇవి ఇప్పటికీ ఉన్నాయి. నటులు నిజంగా ఏ నగ ఎక్కడ పెట్టుకున్నారో ఫోటోలు లేని కాలానికి ఇవే కొంతవరకు ఆధారం, అతిశయోక్తి పాలు తీసేసి చూడాలనుకోండి.

వెయ్యి జీరంగి రెక్కల గౌను

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒకేచోట కనపడే ఉదాహరణ ఒకటుంది. 1888 డిసెంబరు 29న లైసియంలో ఇర్వింగ్ వేయించిన షేక్‌స్పియర్ నాటకం 'మాక్‌బెత్' మొదలైంది. లేడీ మాక్‌బెత్ వేషం ఎలెన్ టెర్రీది. ఆమె గౌనును ఆలిస్ కామిన్స్ కార్ ఊహించింది, ఏడా నెటిల్‌షిప్ కుట్టింది. మెత్తటి ఇనుప గొలుసుల కవచంలా ఉండాలి, పాము పొలుసుల్లా కూడా అనిపించాలి అని కార్ కోరిక. బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) నుంచి తెప్పించిన ఆకుపచ్చ ఊలు, నీలపు తళుకు దారం కలిపి అల్లారు. అదొక్కటే అయితే చివరి బెంచీ వరకు మెరుపు చేరదని తోచి, దాని మీద దాదాపు వెయ్యి పురుగు రెక్కలు కుట్టారు. అంచుల్లో కెల్టిక్ డిజైన్‌లో ఎర్రవి, తెల్లవి గాజురాళ్లు.

ఆ పురుగు మనకు పరాయిది కాదు. వానలు పడ్డాక తుమ్మచెట్ల మీద దొరికే జీరంగులను పట్టి, అగ్గిపెట్టెలో ఆకు వేసి పెంచిన పిల్లలు మన పల్లెల్లో లెక్కలేనంతమంది. లేడీ మాక్‌బెత్ గౌను మీద మెరిసింది ఆ జాతి పురుగుల రెక్కల మీది గట్టి డొప్పే. 19వ శతాబ్దంలో మద్రాసు, హైదరాబాద్, కలకత్తా లాంటి చోట్ల పలుచటి మస్లిన్ మీద ఈ డొప్పలను జరీ తీగతో కుట్టి ఇంగ్లండ్‌కు పంపేవారు. విడి రెక్కలు కూడా ఎగుమతయ్యేవి. లండన్ షోకిలా స్త్రీల గౌన్ల అంచుల్లో ఇవి అప్పటికే ఫ్యాషన్. నెటిల్‌షిప్‌కు ఈ ఆలోచన రావడానికి అదే కారణం.

రంగు వేసిన రేకు ఎందుకు వాడలేదు అంటే సమాధానం ఆ డొప్ప నిర్మాణంలో ఉంది. దాని ఆకుపచ్చలో రంగుపదార్థం లేదు. కంటికి కనపడనంత పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి ఉండి, వెలుతురులో కొన్ని రంగులనే తిప్పి పంపుతాయి. చూసే కోణం మారితే ఆకుపచ్చ నీలమవుతుంది, నీలం బంగారు రంగవుతుంది. నటి ఊపిరి పీలిస్తే చాలు ఒళ్లంతా రంగు మారుతుంది. పాము పొలుసులు కావాలన్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? వెనక రేకు అక్కర్లేదు, బరువు లేదు, తేమకు నల్లబడదు, వెలిసిపోదు. అందుకే 130 ఏళ్లు దాటినా ఆ గౌను ఇంకా మెరుస్తోంది. గాజు చేయలేని పనిని పురుగు చేసిందని నాకనిపిస్తుంది.

ఆ నాటకం చూసిన చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1889లో టెర్రీని ఆ గౌనులో, కిరీటాన్ని రెండు చేతులతో తల మీదకు ఎత్తుకుంటున్నట్టు పెద్ద బొమ్మ గీశాడు. నిజానికి నాటకంలో అలాంటి దృశ్యం లేదు. బొమ్మ ఇప్పుడు లండన్ టేట్ గ్యాలరీలో ఉంది. గౌను, కిరీటం, వెలుగు కలిసి పైనున్న ప్రేక్షకుడికి ఎలా తగిలి ఉంటాయో ఊహించడానికి దానికి మించిన సాక్ష్యం మనకు లేదు.

చరిత్ర ముఖ్యమా, మెరుపు ముఖ్యమా

'మాక్‌బెత్' కథలోని 11వ శతాబ్దపు స్కాట్లండ్ రాణి ఇలాంటి గౌను వేసుకుందా? ఈ ప్రశ్న ఆ రోజుల్లో పెద్ద చర్చ. ఒక పక్షం వాళ్లు నాటకంలో బట్టలు, నగలు ఆ కథాకాలానికి సరిపోవాలన్నారు. 1823లో 'కింగ్ జాన్' నాటకానికి ప్లాంషే అనే పండితుడు సమాధుల మీది శిల్పాలు, పాత ముద్రలు చూసి వేషాలు తయారుచేయించాడు. 1850లలో ప్రిన్సెస్ థియేటర్ నడిపిన చార్లెస్ కీన్ ఇంకా ముందుకెళ్లాడు. పురావస్తు తవ్వకాలు చేసిన లేయార్డ్ ఇరాక్‌లో తవ్వితీసిన ప్రాచీన అస్సీరియన్ శిల్పాలు లండన్ చేరిన కొద్ది ఏళ్లకే, 1853లో, వాటిలో కనపడే వేషధారణనే వేదికెక్కించాడు. చదువుకునే అవకాశం లేని ప్రేక్షకుడికి నాటకమే చరిత్ర పాఠం కాగలదన్నది ఈ పక్షం నమ్మకం. అందులో నిజాయితీ ఉంది.

రెండో పక్షం వాదన ఇది: ప్రేక్షకుడు మ్యూజియంకు రాలేదు, మనిషి మనసు చూడడానికి వచ్చాడు. పాత్ర గుణం ఏ నగలో కనపడితే ఆ నగే సరైనది. టెర్రీ గౌను ఈ వైపుది. రాజుగారి బట్టలు, నౌకర్ల బట్టలు ఊళ్లోనే నేయించి, తనవి మాత్రం బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) వెళ్లి కొనుక్కున్నట్టుంది ఈ రాణి అని రచయిత ఆస్కార్ వైల్డ్ చమత్కరించాడు. చమత్కారమే అయినా దెబ్బ సరైన చోటే తగిలింది.

చరిత్ర పక్షం కూడా చివరిదాకా వెళ్లలేకపోయింది. 1856లో కీన్ ప్రాచీన గ్రీకు వాతావరణంలో వేసిన 'వింటర్స్ టేల్'లో తొమ్మిదేళ్ల ఎలెన్ టెర్రీ మొదటిసారి వేదికెక్కింది. ఆ నాటకంలో కీన్ భార్య గ్రీకు రాణి వేషం కింద అప్పటి ఫ్యాషన్ ప్రకారం పొరలు పొరలుగా లంగాలు వేసుకునేదని టెర్రీ పెద్దయ్యాక గుర్తుచేసుకుంది. నగ గ్రీసుది, నడుము లండన్‌ది. మెడలో హారం ఎంత ప్రామాణికమైనా దాన్ని మోసే ఒళ్లు ఆ కాలపు అందానికే లొంగింది. విక్టోరియన్ వేదిక మీది "ప్రాచీన" నగలను చూస్తే 1850ల రుచి, 1880ల రుచి విడివిడిగా గుర్తుపట్టగలం. కథ ఏ కాలానిదైనా సరే.

రస్కిన్ అభ్యంతరం, అసలు వజ్రాల చిక్కు

నకలు మోసమా అన్నది ఇంకో వాదం. కళా విమర్శకుడు జాన్ రస్కిన్ 1849లో దీనికో గీత గీశాడు. భవనం మీద బంగారు పూత మోసం కాదన్నాడు. గోడ మొత్తం బంగారమని ఎవరూ అనుకోరు కాబట్టి. నగ మీద పూత మాత్రం మోసమే, చూసినవాళ్లు బంగారమనే అనుకుంటారు కాబట్టి. మరి నాటకం నగను ఏ వైపు పెట్టాలి? రస్కిన్ కొలతనే వాడితే, వేదిక మీద కిరీటం అసలు బంగారమని టికెట్ కొన్నవాడెవడూ అనుకోడు. రాజూ నిజం రాజు కాదు, చావూ నిజం చావు కాదు. కాబట్టి అది భవనం మీది పూత లాంటిదే. ఈ తర్కం నాకు సబబుగా ఉంది.

కానీ కొందరు నటీమణులు నిజం వజ్రాలు పెట్టుకునే వేదికెక్కారు. అక్కడ గీత చెరిగిపోతుంది. ఉన్నత కుటుంబాల మధ్య తిరిగి, 1881లో నటిగా మారిన లిల్లీ లాంగ్‌ట్రీ నగలు ఆమె పేరంత ప్రసిద్ధం. ఆమె నగలు చూడడానికే వచ్చిన ప్రేక్షకులుండేవారు. వాళ్లు చూస్తున్నది పాత్ర హారమా, నటి ఆస్తా? ఆ ఆస్తికి ప్రమాదమూ ఉంది. 1895లో ఎవరో దొంగ సంతకంతో ఉత్తరం పంపి లండన్‌లోని ఒక బ్యాంకు నుంచి ఆమె నగల పెట్టెనే పట్టుకుపోయారు. దాని విలువ అప్పట్లో 40,000 పౌండ్లని చెప్పుకున్నారు.

ప్యారిస్‌లో నటి సారా బెర్నార్డ్ కథ ఇంకో మలుపు. ఆమె వేషాలకు నగలు చేసినవాళ్లలో నగల డిజైనర్ రెనే లాలిక్ ఉన్నాడు. నకలు ముత్యాలు, గాజు, చౌక లోహంతో రంగస్థలానికి పెద్దగా, ధైర్యంగా గీసిన ఆకారాలు తర్వాత ఆయన అసలు నగల్లోకీ వచ్చాయి. 1898లో చిత్రకారుడు ముఖా ఆమె 'మెడియా' నాటకానికి పోస్టర్ వేస్తూ ముంజేతికి చుట్టుకున్న పాము కడియం గీశాడు. అది ఆమెకు ఎంతో నచ్చింది. మరుసటి ఏడాది నగల వ్యాపారి జార్జ్ ఫూకే దాన్ని బంగారం, ఎనామెల్, ఓపల్ రాళ్లతో నిజంగానే తయారుచేశాడు. చేతి మీద పాము తల, దాన్నుంచి గొలుసుతో వేలి ఉంగరం. మామూలుగా అసలు నగకు నకలు వేదికెక్కుతుంది. ఇక్కడ పోస్టర్ మీది ఊహకు అసలు బంగారం నకలైంది.

ఇవాళ దొరికే ముక్క ఎవరిది

ఒక పాత గాజురాళ్ల హారం నిజంగా విక్టోరియన్ రంగస్థలానిదేనా అన్నది తేల్చడం తేలిక కాదు. వెనక వైపు చాలా చెబుతుంది. ఇంట్లో పెట్టుకునే గిల్టు నగకు వెనక కూడా శుభ్రంగా ఉంటుంది, మంచి కొక్కెం ఉంటుంది. రంగస్థలం నగ వెనక మోటు టంకం, కుట్టు రంధ్రాలు, నాడా, సరిచేసిన గుర్తులు కనపడతాయి. రాళ్ల కోత కూడా ఒక ఆధారం. డేనియల్ స్వరోవ్‌స్కీ 1892లో గాజురాళ్లు కోసే యంత్రానికి పేటెంట్ తీసుకుని, 1895లో ఆస్ట్రియాలోని వాటెన్స్‌లో కర్మాగారం పెట్టాడు. ఆ తర్వాతే అచ్చంగా ఒకేలా కోసిన రాళ్లు పెద్దమొత్తంలో వచ్చాయి. 1860ల నగ అంటూ చూపించిన దాంట్లో రాళ్లన్నీ కవలల్లా ఉంటే అనుమానించడానికి కారణముంది. పాత చట్రానికి కొత్త రాళ్లు వేసి ఉండొచ్చు కాబట్టి అదొక్కటే తీర్పు కాదు.

సినిమా నగతో తేడా మళ్లీ దీపం దగ్గరికే వస్తుంది. 1930ల నుంచి హాలీవుడ్‌కు నగలు అందించిన యూజీన్ జోసెఫ్ మెరుపు చంపేసిన మసక బంగారు పూత వాడాడు. స్టూడియో దీపాల కింద మెరిసే పూత కెమెరాలో తెల్లగా చిమ్ముతుంది. కెమెరా దగ్గరికి వచ్చి చూస్తుంది కాబట్టి వివరం కూడా ఉండాలి. అంటే రంగస్థలం నగకు ఇది సరిగ్గా తలకిందులు.

ఇక "ఫలానా నటి పెట్టుకున్నది" అనే మాటకు వస్తువు ఒక్కటే సాక్ష్యం కాలేదు. ఫోటో, ఉత్తరం, వేలం పట్టిక, చేతులు మారిన వరస ఉండాలి. టెర్రీ గౌను విషయంలో అవన్నీ ఉన్నాయి. ఆమె 1899లో కొనుక్కుని, 1928లో చనిపోయేదాకా ఉంచుకున్న కెంట్ జిల్లా స్మాల్‌హైత్ ఇంట్లోనే ఆ గౌను మిగిలింది. కూతురు ఎడిత్ క్రెయిగ్ ఆ ఇంటిని తల్లి జ్ఞాపకంగా నిలబెట్టింది. ఇప్పుడది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి చిరిగిన ఆ గౌనును బాగుచేయడానికి దాదాపు 1,300 గంటల పని పట్టింది. 2011లో అది మళ్లీ ఇంటికి చేరింది. విరిగిన రెక్కలను పారేయకుండా, వెనక పలుచటి జపాన్ కాగితం అతికించి ఒక్కొక్కటీ మళ్లీ కుట్టారు. రాతి వెనక రేకు ఉన్నట్టు ఇప్పుడు ఆ రెక్కల వెనక కాగితం ఉంది, ముందు నుంచి చూసేవాళ్లకు కనపడదు.